బొటనవేళ్ల కింద హార్లెం

నేనొక ప్లేస్టేషన్ 2 కంట్రోలర్‌ని. నల్లని ఒళ్లు నాది. అరచేతుల్లో ఒదిగే రెండు పిడులు, బొటనవేళ్లతో తిప్పడానికి రెండు బుడిపెలు, త్రిభుజం, వృత్తం, ఇంటూ, చతురస్రం గుర్తులున్న నాలుగు బటన్లు, ముందు అంచున చూపుడువేళ్లకు అందేలా మరో నాలుగు. కడుపులో రెండు చిన్న మోటార్లున్నాయి. ఆటలో గట్టి దెబ్బ పడినప్పుడు అవి తిరిగి, నన్ను పట్టుకున్న చేతుల్ని అదిరిస్తాయి. నాకు కళ్లు లేవు. తెర మీది ఆట నాకు ఆడేవాళ్ల వేళ్లలోంచి, వాళ్ల కేకల్లోంచి తెలుస్తుంది. బెదురు పుడితే పట్టు ఎలా బిగుస్తుందో, ధీమా వస్తే ఎలా సడలుతుందో తెలిసినదాన్ని. ఒక ఆట మనుషుల్ని ఎందుకు లాగుతుందో చెప్పగలననే నమ్మకంతోనే ఈ కథ మొదలుపెడుతున్నాను. ఆ ఆట ఎన్‌బీఏ స్ట్రీట్ వాల్యూమ్ 2 అనే వీధి బాస్కెట్‌బాల్ వీడియో గేమ్.

నేను బతికింది న్యూయార్క్‌లో, హార్లెంలోని పోలో గ్రౌండ్స్ టవర్స్‌లో. ఒకప్పుడు అక్కడ బేస్‌బాల్ స్టేడియం ఉండేది. దాన్ని పడగొట్టి, ముప్పై అంతస్తుల ప్రభుత్వ నివాస భవనాలు నాలుగు కట్టారు. మా ఇంట్లో అమ్మ, అక్క, తమ్ముడు. వేసవి సాయంత్రాల్లో కిటికీ తెరిస్తే చాలు, కింది నుంచి మైకు మాటలు, జనం హోరు గదిలోకి వచ్చేవి. రోడ్డు దాటితే రకర్ పార్క్.

ఆ పార్కు గురించి చెప్పకుండా నా ఆట గురించి చెప్పలేను. హోల్కోంబ్ రకర్ నగర పార్కుల శాఖలో పనిచేసిన మనిషి. హార్లెం పిల్లల కోసం వేసవి బాస్కెట్‌బాల్ పోటీలు పెట్టాడు. ఆటతో పాటు చదువూ ఉండాలని పట్టుబట్టాడు. ఆయన 1965లో కన్నుమూశాక కూడా పోటీలు ఆగలేదు. 1974లో ఆ పార్కుకు ఆయన పేరు పెట్టారు. విల్ట్ చాంబర్‌లిన్, జూలియస్ ఎర్వింగ్ లాంటి మహామహులు ఆ తారు నేల మీద ఆడారు. వాళ్లను చూడటానికి జనం చెట్లెక్కారు, చుట్టుపక్కల మేడల మీదికెక్కారు. అక్కడ స్కోరు ఒక్కటే చాలదు. ఒక ఆటగాడు ఎదుటివాణ్ని బంతితో బురిడీ కొట్టించి దాటిపోతే, ఆ క్షణానే మైకు పట్టుకున్నవాడు అతనికో ముద్దుపేరు తగిలిస్తాడు. ఆ పేరు జీవితాంతం ఉండిపోతుంది. రేఫర్ ఆల్స్టన్ వృత్తి క్రీడాకారుడిగా ఎన్‌బీఏలో ఆడాక కూడా, వీధి అతనికి పెట్టిన 'స్కిప్ టు మై లూ' అనే పేరు అతన్ని వదల్లేదు.

2003 వసంతంలో నా ఆట డిస్కు మా ఇంటికొచ్చింది. అంతకుముందు ఇంట్లో వేరే బాస్కెట్‌బాల్ ఆటలు ఉండేవి. వాటిలో అయిదుగురికి అయిదుగురు, ఫౌళ్లు, విజిళ్లు, ఫ్రీ త్రోలు. తమ్ముడి వేళ్లు నా మీద నిమిషాల తరబడి ఖాళీగా కూర్చునేవి. కొత్త ఆటలో ముగ్గురికి ముగ్గురే. తోసినా పడేసినా విజిల్ లేదు. గీత లోపలి నుంచి వేస్తే ఒక పాయింటు, బయటి నుంచి వేస్తే రెండు. ముందుగా 21కి చేరినవాళ్లదే గెలుపు, అదీ రెండు పాయింట్ల తేడా ఉంటేనే. వీధి కోర్టుల్లో పిల్లలు రోజూ పెట్టుకునే లెక్కలివే. వాటిని ఎవరూ వివరించక్కర్లేకపోయింది. తెరలో మొదటి కోర్టు కనబడగానే తమ్ముడు ఆడుతున్నాడు.

మొదటిసారి పట్టుకున్నవాళ్లూ నాతో అద్భుతాలు చేయించగలిగేవారు. వేగం పెంచే టర్బో బటన్ నొక్కి పట్టి రింగు వైపు పరిగెత్తి షాట్ బటన్ నొక్కితే, మనిషి గాలిలో ఈదుతున్నట్టు లేచి బంతిని రింగులో దించేస్తాడు. ఎప్పుడూ ఆట ముట్టని పక్కింటి పెద్దావిడ ఒకసారి నన్ను చేతిలోకి తీసుకుంది. డంక్ పడి నా మోటార్లు ఒణికేసరికి ఉలిక్కిపడి, వెంటనే నవ్వేసి, "ఇంకోసారి" అంది. ఆర్కేడ్ తరహా ఆటకు ఆయువుపట్టు అదే. తలుపు దగ్గరే నిలబెట్టి పరీక్షలు పెట్టదు. ముందు లోపలికి పిలిచి ఆనందం చేతిలో పెడుతుంది, నేర్పు సంగతి తర్వాత చూసుకుంటుంది.

నేర్పుకీ కొదవలేదు. నా ముందు అంచున ఉన్న నాలుగు బటన్లూ టర్బోకే. ఒకటి పట్టుకుని ట్రిక్ బటన్ నొక్కితే ఒక విన్యాసం, రెండు పట్టుకుంటే మరొకటి, మూడు పట్టుకుంటే ఇంకోటి. కాళ్ల మధ్య నుంచి బంతి, వీపు వెనక నుంచి బంతి, ఎదుటివాడి తలకే తగిలించి తిరిగి అందుకునే బంతి. ఈ విన్యాసాలన్నిటికీ లెక్క ఉంది. అవి పోగైన కొద్దీ తెర మీద ఒక మీటరు నిండుతుంది. నిండాక గేమ్‌బ్రేకర్ అనే అవకాశం దక్కుతుంది. ఆ షాట్ పడితే మన పాయింట్లు పెరగడమే కాదు, ఎదుటివాళ్లవి తగ్గుతాయి కూడా. వాడకుండా ఓపిక పట్టి మళ్లీ నింపితే మరింత పెద్ద దెబ్బ వేయవచ్చు.

నా బతుకంతా దీని గురించి ఆలోచించి నేను గ్రహించింది ఒకటే. మామూలు ఆటల్లో అందం అదనం. బంతి పడితే చాలు, ఎలా పడిందో రికార్డు పుస్తకం అడగదు. ఈ ఆటలో సొగసు స్కోరులోకి నడిచొస్తుంది. సాదాసీదాగా వేసి ముందుకెళ్లాలా, ప్రమాదమైనా ఒక హొయలు చూపించాలా అని ప్రతి క్షణం తేల్చుకోవాలి. హొయలు పోతుంటే ఎదుటివాడు బంతి లాక్కుపోవచ్చు. ఆ తేల్చుకోవడం వేళ్లలో ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాలుగు బటన్ల మీద వేళ్లు ఒక్క అర క్షణం తటపటాయిస్తాయి, ఆ తర్వాత ధైర్యంగా దిగుతాయి. ఆ అర క్షణమే ఈ ఆటకు ప్రాణం. పార్కులో జనం మెచ్చి పేరు పెట్టడాన్నీ, రికార్డు పుస్తకంలో పడే పాయింటునూ ఒకే తూకంలో వేసినవాళ్లు రకర్ పార్క్ మనసు తెలుసుకున్నవాళ్లే.

ఆటలో వ్యాఖ్యానం బాబిటో గార్సియాది. న్యూయార్క్ రేడియోలో హిప్‌హాప్ వినిపించిన డీజే, అదే నగరపు కోర్టుల మీద ఆడిన మనిషి. ఆయన గొంతు టీవీలోంచి వస్తుంటే కిటికీలోంచి వచ్చే మైకు గొంతు దానికి జవాబు చెబుతున్నట్టుండేది. ఆటలో రకర్ పార్క్ కూడా ఒక కోర్టు. తమ్ముడు సాయంత్రం దాకా అసలు కోర్టు పక్కన నిలబడి పెద్దవాళ్ల ఆట చూసేవాడు. తనకింకా అందులో చోటు లేదు. చీకటి పడ్డాక పైకొచ్చి నన్ను పట్టుకుని అదే కోర్టులోకి దిగేవాడు. అతని జట్టులో యువ మైకేల్ జోర్డన్ ఉండేవాడు, జూలియస్ ఎర్వింగ్ ఉండేవాడు. వేర్వేరు కాలాలవాళ్లు ఒకే తారు నేల మీద ఒకరికొకరు బంతి అందించుకునేవారు. అక్క మాత్రం లారీ బర్డ్‌ని తీసుకుని, దూరం నుంచి రెండేసి పాయింట్లు వేస్తూ తమ్ముణ్ని ఏడిపించేది. పక్కపక్కనే కూర్చుని, భుజాలు తగిలించుకుంటూ, ఒకళ్ల తెలివిని ఇంకొకళ్లు మెచ్చుకుంటూ ఆడేవాళ్లు. ఆ దగ్గరితనం కూడా ఆటలో భాగమే.

ఆదివారాల్లో వచ్చే మామయ్య ఈ ఆటకు తాతలాంటి దాన్ని గుర్తుచేసేవాడు. 1993లో షికాగోలోని మిడ్‌వే కంపెనీ ఎన్‌బీఏ జామ్ అనే ఆర్కేడ్ యంత్రాన్ని తెచ్చింది. మార్క్ టర్మెల్ బృందం చేసిన ఆట. ఇద్దరికి ఇద్దరు, నలుగురూ ఒకే యంత్రం చుట్టూ నిలబడి ఆడొచ్చు. ఒకడు వరసగా మూడు బుట్టలు వేస్తే బంతి మండుతుంది, వాడికి టర్బో తరగదు. దాని వ్యాఖ్యాత టిమ్ కిట్జ్‌రో గొంతు ఊరూరా పిల్లల నోట పలికింది. మామయ్య పావు డాలరు నాణేలన్నీ ఆ యంత్రానికే పోశానని పరమ సంతోషంతో చెప్పేవాడు. భౌతికశాస్త్రాన్ని పక్కనపెట్టి, ఆటగాడి గుండెలో ఉన్న కొలతలతో ఎగరనివ్వడం ఆ యంత్రం నేర్పింది. దానికి వీధిని, వీధి గౌరవాన్ని జోడించింది నా ఆట.

2003 ఆగస్టు 14 నాకు బాగా గుర్తు. సాయంత్రం నాలుగు దాటింది. అక్కా తమ్ముళ్లు హోరాహోరీగా ఉన్నారు. ఉన్నట్టుండి నాలోకి వచ్చే కరెంటు ఆగిపోయింది. అమెరికా ఈశాన్య ప్రాంతం, కెనడాలో కొంత భాగం, అయిదు కోట్ల మంది చీకట్లో పడ్డ రోజది. ఆ సాయంత్రమే కింద పార్కులో పెద్ద ఫైనల్ జరగాలి, ర్యాపర్లు జే-జెడ్ జట్టుకీ ఫ్యాట్ జో జట్టుకీ. అదీ ఆ రోజు జరగలేదు. లిఫ్టులు ఆగిపోయిన ఆ భవనంలో పిల్లలు నన్ను సోఫా మీద పెట్టి, మెట్ల మీదుగా పరుగున దిగి వెళ్లారు. తిరిగొచ్చినప్పుడు తమ్ముడి అరచేతులు తారు దుమ్ముతో గరుకుగా ఉన్నాయి. పెద్దవాళ్లు లేని కోర్టులో చీకటి పడేదాకా ఆడాడట. నా మీద నేర్చుకున్న వీపు వెనక మలుపును నిజం బంతితో ప్రయత్నించాడట. పడలేదట. మళ్లీ చేశాడట. ఆ చెయ్యి నన్ను తాకినప్పుడు నాకు అసూయ కలగలేదు, గర్వమే కలిగింది.

సోనీ 2013లో ప్లేస్టేషన్ 2 తయారీ ఆపేసింది. కొత్త బాస్కెట్‌బాల్ ఆటల్లో ఆటగాళ్ల చెమట బొట్లు కూడా కనిపిస్తాయని విన్నాను. అవి గొప్పవే, వృత్తి క్రీడ ఎంత కష్టమైనదో వివరంగా చూపిస్తాయి. నా ఆట చూపించింది వేరు. జీతం, కాంట్రాక్టు, టీవీ కెమెరా ఏవీ లేకపోయినా ఒక పిల్ల ఎందుకు బంతి పట్టుకుంటుందో అది చూపించింది. గెలవాలనీ ఉంటుంది, చూసినవాళ్లు "ఓహ్!" అనాలనీ ఉంటుంది. ఆ రెండో కోరికను చిన్నచూపు చూడకుండా దానికీ పాయింట్లిచ్చిన ఆట కాబట్టే, దాన్ని ఆడిన చేతులు ఇప్పటికీ దాన్ని మరచిపోలేదు.