వేచువాని జుట్టు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పచ్చ కార్డు కొఱకు పదునాఱు వత్సరా
లోర్చి వరుస నిలిచి లోన నలిగి
తేది కదలుననుచు దేవుని గొలుచుచు
వేచువాని జుట్టు వెండిబారె

అవతారిక: కవీ నేనే, వ్యాఖ్యాతనూ నేనే. ఫారాలు నింపీ నింపీ అన్ని గళ్ళలోనూ ఒక్కడినే సంతకం పెట్టడం అలవాటైపోయింది. టెక్సాస్‌లో ఇండియన్ స్టోర్ ముందు కారాపుకుని, మా ఆవిడ గోంగూర కట్టలు ఏరుకుని వచ్చేలోగా పుట్టిన పద్యమిది. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడట. నాకంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం

పచ్చ కార్డు కొఱకు = అమెరికాలో శాశ్వత నివాసపు చీటీ కోసం. తెలుగులో పచ్చ అంటే ఆకుపచ్చా కావచ్చు, పసుపుపచ్చా కావచ్చు. ఈ సందిగ్ధం కార్డుకీ ఉంది. 1960ల నడుమ రంగు మారిన ఆ కార్డు మళ్ళీ పచ్చబడింది 2010లో. మధ్యకాలంలో ఏ రంగులో అచ్చయినా పిలుపు మాత్రం గ్రీన్ కార్డే. ఇక 'శాశ్వత' శబ్దం ఔపచారికం. కార్డు మీద గడువు పదేళ్ళు.

పదునాఱు వత్సరాలు = పదహారేళ్ళు. కొందరికి పన్నెండు, కొందరికి ఇంకా ఎక్కువ. గణాలకు పదహారు సరిపోయింది.

ఓర్చి = సహించి. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చినవాడు మూడేళ్ళూ మూడేళ్ళూ కలిపి ఆరేళ్ళకు మించి ఉండరాదన్నది ఉత్సర్గం, అంటే సామాన్య నియమం. కంపెనీ తన కోసం వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది వంతు రానివాడు మూడేళ్ళ చొప్పున పొడిగించుకుంటూ పోవచ్చన్నది 2000లో వచ్చిన చట్టం, అంటే అపవాదం, మినహాయింపు. మనవాళ్ళు ఎందరో అపవాదంలోనే ఇల్లు కొన్నారు, పిల్లల్ని కన్నారు, పెరట్లో కరివేపాకు మొక్కని నాలుగు చలికాలాలు బతికించుకున్నారు.

వరుస నిలిచి = ఇది శ్లేష. వరుస అంటే క్యూ. వరుస అంటే చుట్టరికం కూడా. మా తాతగారు రైల్లో ఎదుటి మనిషిని ఊరూ ఇంటిపేరూ అడిగి రెండు స్టేషన్లు దాటేలోగా వరుస కలిపేవారు. ఇక్కడ పుట్టినరోజు పార్టీలో పులావు ప్లేటు చేత్తో పట్టుకుని, "మీ ప్రయారిటీ డేట్ ఎప్పుడండీ? ఈబీ-2నా, 3నా?" అని తేదీ, ఉద్యోగ తరగతీ అడిగి కలుపుతారు. 2011వాడు 2014వాడికి అన్న. ఒకే నెలవాళ్ళు సగోత్రీకులు.

ఈ గోత్రం పుట్టుక చెప్పితీరాలి. ఫలానా ఉద్యోగానికి అర్హుడైన అమెరికన్ ఎవరూ దొరకలేదని కంపెనీ ముందుగా రుజువు చేయాలి. అందుకోసం రెండు ఆదివారాలు పేపర్లో ప్రకటన వేయాలి, రాష్ట్ర ఉపాధి శాఖ దగ్గర 30 రోజులు ఆ ఖాళీ వివరం పెట్టాలి. ఆ తంతు ముగిశాక కార్మిక శాఖకు దరఖాస్తు చేరిన రోజే ప్రయారిటీ డేట్. నా కుర్చీలో నేను కూర్చుని పనిచేస్తూ ఉండగానే, అది ఖాళీగా ఉంది, కావలసినవారు రావచ్చునని పేపర్లో చదువుకున్నాను. నా తద్దినానికి నాకే భోజనానికి పిలుపొచ్చినట్టయింది.

లోన నలిగి = మనసులో నలిగి. 'ఇంటిలోన' అన్నా అన్వయిస్తుంది, నాకు ఆ అర్థమే ఇష్టం. మా అమ్మాయి ఈ దేశం వచ్చేనాటికి దానికి నాలుగేళ్ళు. ఇప్పుడు పదిహేడు. ఇరవయ్యొకటి నిండితే చట్టం దృష్టిలో అది మా పిల్ల కాదు, మా దరఖాస్తు నుంచి జారిపోతుంది; చదువుకునే వీసాకో మరోదానికో తనే మారాలి. ఐ-140 పరిశీలనలో ఉన్నన్ని రోజులు వయసులోంచి తీసేసి లెక్కగట్టే చట్టం 2002లో వచ్చింది. మాకు దానివల్ల కలిసొచ్చినవి కొన్ని నెలలు. ఏటా కేకు మీద కొవ్వొత్తులు నేనే గుచ్చుతాను. ఈ మధ్య అది గమనించి, "నాన్నా, అంకె కొవ్వొత్తి ఒకటి కొనెయ్, లెక్కపెట్టక్కర్లేదు" అంది.

తేది కదలుననుచు = ఈ నెలైనా జరుగుతుందంటూ. మామూలు వరుసలో మనుషులు కదులుతారు. ఈ వరుసలో మనుషులు నిలబడి ఉంటే తేదీ కదులుతుంది. దాని పంచాంగం వీసా బులెటిన్, నెలనెలా అమెరికా విదేశాంగ శాఖ ప్రకటిస్తుంది. వారం ముందుకి, నెల ముందుకి, ఒక్కోసారి ఏళ్ళు వెనక్కి. వెనక్కి పోతే ఇక్కడివాళ్ళు రెట్రోగ్రెషన్ అంటారు. మన సిద్ధాంతులు వక్రించడమంటారు. శని వక్రించినా ఎప్పుడు తిన్నగా నడుస్తాడో వాళ్ళు ముందే చెప్పగలరు.

మన వంతు వస్తే 'డేట్ కరెంట్ అయింది' అనాలి. మిత్రుడొకడు ఈ వార్త ఊళ్ళో అమ్మకి ఫోన్‌లో చెబితే, "ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్నావేంట్రా!" అని ఆవిడ కంగారుపడింది. అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను రాయలేను.

2007 జూలైకి ఉద్యోగ తరగతులన్నీ, ఒక్కటి తప్ప, కరెంట్ అన్నారు. జనం డాక్టర్ల చుట్టూ, ఫోటో స్టూడియోల చుట్టూ తిరిగి కాగితాలు సిద్ధం చేసుకున్నారు. 2వ తేదీన కాదు పొమ్మన్నారు. అప్పుడు మనవాళ్ళు 'లగే రహో మున్నాభాయ్' హిందీ సినిమా పద్ధతిలో ఇమ్మిగ్రేషన్ సంస్థ అధిపతికి పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడిన సైనికుల ఆస్పత్రులకు పంపించాడు. 17న తలుపు మళ్ళీ తెరిచారు. అదే కథతో తెలుగులో 'శంకర్ దాదా జిందాబాద్' 27న విడుదలైంది, పూలు వాడిపోయాక.

శంక: అర్హత తేలి, ఆమోదం వచ్చాక ఇంకా ఎందుకు నిలబడాలి? సమాధానం: ఏడాదికి ఉద్యోగుల కోటా సుమారు 1,40,000. భార్యాభర్తలూ పిల్లలూ అందులోనే. మిగిలిపోతే తప్ప, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఏడు శాతం దాటకూడదు. ఐస్‌లాండ్‌కీ ఏడే, మనకీ ఏడే. చూసేది పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. అయితే జీవిత భాగస్వామి పుట్టిన దేశం లెక్కలో చేరవచ్చు. అందుచేత తండ్రి కువైట్‌లో పనిచేసేనాడు అక్కడే పుట్టిన గోదావరి జిల్లా పిల్లని చేసుకున్నవాడు, మనకంటే ఎంతో వెనక వచ్చి కూడా ఎప్పుడో కార్డు పుచ్చుకున్నాడు. జాతకంలో నక్షత్రం చూశారు గాని ప్రసూతి ఆస్పత్రి ఏ దేశంలోదో మా పెద్దలు చూడలేదు.

దేవుని గొలుచుచు = చిలుకూరు బాలాజీని అని గ్రహించాలి. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ లేని దేవుడు గనక ఆయన్ని తప్పుపట్టలేం. పైగా వీసా ఇప్పించాడు. ఏడు శాతం సంగతి మనం మొక్కులో చేర్చలేదు.

వేచువాని జుట్టు వెండిబారె = స్పష్టం.

తాత్పర్యం: గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తూ ఒకడికి జుట్టు నెరిసింది.

అలంకారం: స్వభావోక్తి.

పాఠాంతరం: 'వెండిబారె' అన్నచోట మా ఆవిడ 'ఊడిపోయె' అని చదువుతుంది. 'వే'కి 'ఊ'తో యతి చెల్లదు, ఆ పాఠం గ్రాహ్యం కాదని చెప్పాను. అద్దం చూసుకోమంది.