ముళ్ళ మాస్టారి వడ్డన

డాబా మీద జెముళ్ళు పెంచేవాణ్ణి చూస్తే లోకానికి ముందుగా తట్టే మాట బద్ధకం. రోజూ నీళ్ళు పోసే ఓపిక లేక నీళ్ళక్కర్లేని మొక్కను పట్టాడని, గులాబీలకు చాకిరీ చెయ్యలేక ముళ్ళకంపతో సరిపెట్టుకున్నాడని చుట్టుపక్కలవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. ఈ తీర్పు శుద్ధ తప్పు. జెముళ్ళలోనూ నిలువుగా, స్తంభంలా ఎదిగే జాతుల్ని కుండీల్లో పెంచే మనిషి కాలనీ మొత్తం మీద చెయ్యి ఊరుకోని మనిషి. ఏమీ అడగని మొక్కను ఏరికోరి తెచ్చుకోవడం, దానికి ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేకపోవడం ఆయన స్వభావం. ఆ మొక్క పదేళ్ళు బతికిందంటే ఆయన పదేళ్ళు తన స్వభావంతో కుస్తీ పట్టి గెలిచాడని అర్థం. బద్ధకస్తుడు ఇంత కష్టపడడు.

ఈయనను ముళ్ళ మాస్టారు అందాం. బడిలో పాఠాలు చెప్పి ఉండనక్కర్లేదు. రిటైరైన బ్యాంకు మేనేజరు కావచ్చు, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేరు కుర్రాడూ కావచ్చు. గుర్తుపట్టడం తేలిక. నలుగురి చొక్కా జేబులో పెన్ను ఉండే చోట ఈయనకు ముళ్ళు తీసే ట్వీజర్ ఉంటుంది. వేళ్ళకు ఎప్పుడూ ఒకటో రెండో ప్లాస్టర్లుంటాయి. పాత దినపత్రికను పొడుగ్గా పట్టీలా మడిచి, ముళ్ళ స్తంభం నడుముకు చుట్టి, రెండు కొసలూ బిగించి పట్టుకుని కుండీ మారుస్తారు కాబట్టి ఆ ఇంట్లో చిత్తుకాగితాలవాడికి పని లేదు. బంతుల్లా గుండ్రంగా ఉండే జెముళ్ళు ఆయన కంటికి ఆనవు. వెనిజులా, కురసావ్ వైపు పుట్టిన సెరియస్, బ్రెజిల్‌ది నీలిరంగు పైలోసోసెరియస్, మెక్సికో నుంచి తెల్లజుట్టు సెఫాలోసెరియస్, ఇదీ ఆయన బలగం. ఆఖరిదానికి ఒళ్ళంతా ముసలివాళ్ళకుండేలాంటి నెరిసిన వెంట్రుకలుంటాయి. మాస్టారు దానికి శ్రద్ధగా తల దువ్వుతారు. తన తలకు ఆ అవసరం తీరిపోయి చాలా ఏళ్ళయింది మరి.

నా వాదనకు మొదటి సాక్ష్యం వంటింటి గుమ్మంలోనే దొరుకుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు, పలచటి మజ్జిగ, వాడేసిన టీ పొడి, అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళు, గుడ్డు పెంకుల పొడి, ఇలా ఇల్లాలు పారబోయబోయే ప్రతిదానికీ ఆయన అక్కడ కాపు కాస్తారు. అది చాలక ఎరువుల కొట్టు నుంచి వర్మీకంపోస్టు, వేపపిండి, ఎముకల పొడి, 19:19:19 పొట్లం తెస్తారు. పల్లెలో వ్యవసాయం చేసే బావమరిది ఉంటే జీవామృతం కూడా డబ్బాలో దిగుతుంది. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గోమూత్రం కలిపి చేసే ఆ ద్రావణం ఎకరం పొలానికి సరిపోతుందని లెక్క. మాస్టారికి ఉన్నవి ఆరు కుండీలు. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడికి గోదావరి జిల్లా అత్తగారు వడ్డించినట్టుంటుంది ఈ వ్యవహారం. అయితే ఒక తేడా ఉంది. అల్లుడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టగలడు. అరిజోనా ఎడారిలోని సగువారో జెముడికి అసలు చేతులు మొలవడానికే యాభై ఏళ్ళు దాటాలి.

ఇక్కడ ఒక పెద్దమనిషి అడ్డు తగులుతాడు. ఎడారిలో ఎవరూ ఎరువు వెయ్యకుండానే ఆ సగువారో నలభై అడుగులు పెరుగుతోంది కదా, మాస్టారి డాబా మీదే దానికి భోజనం ఎందుకు కావలసి వచ్చింది అని. ప్రశ్న బాగుంది గాని ఎడారిని సరిగా చూడని ప్రశ్న. సగువారో మొలక సాధారణంగా బయలులో బతకదు. మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కీట్ కిందో, పాలో వెర్డే చెట్టు కిందో మొలిచి, ఆ నీడలో, ఆ రాలిన ఆకుల ఎరువు మీద గట్టెక్కుతుంది. అంత అండ ఉన్నా మొదటి ఎనిమిదేళ్ళలో అంగుళమో అంగుళన్నరో ఎదిగితే గొప్ప. పెద్దయ్యాక దాని వేళ్ళు భూమి పైపొరలోనే, తానెంత ఎత్తుంటే దాదాపు అంత దూరం నలువైపులా పాకి, పడిన చినుకునల్లా అందుకుంటాయి. బాహా కాలిఫోర్నియాలో కార్డాన్ అనే మరో మహాస్తంభం ఏకంగా బండరాళ్ళ మీద మొలుస్తుంది. దాని వేళ్ళను అంటిపెట్టుకున్న బాక్టీరియా రాతిని కొద్దికొద్దిగా అరగదీసి దానికి ఖనిజాలు అందిస్తుంది. అడుగు వెడల్పు కుండీలో ఈ ఏర్పాట్లేవీ లేవు. పోసిన నీళ్ళతో పాటు ఉన్న కాస్త సారం అడుగు రంధ్రంలోంచి కారిపోతుంది. కాబట్టి మాస్టారు తిండి పెట్టడం తప్పు కాదు. సెరియస్ లాంటి వేగంగా పెరిగే స్తంభాలు జెముళ్ళలో మంచి ఆకలి ఉన్నవే. తప్పల్లా గరిటె సైజులో ఉంది.

అనుభవమున్న పెంపకందార్లు చెప్పే లెక్క చిన్నది. ఎండాకాలం నుంచి వానలదాకా, మొక్క ఎదిగే నెలల్లో, నెలకోసారి, లీటరు నీటికి గ్రాము చొప్పున 19:19:19, అదీ మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు. నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువైతే మరీ మంచిది. చలి నెలల్లో ఏమీ వద్దు. మాస్టారికి ఈ లెక్క కంఠతా వచ్చు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అప్పగిస్తారు. కానీ గ్రాము తూచేటప్పుడు చెయ్యి వణుకుతుంది, పైకే వణుకుతుంది. నూటికి 46 పాళ్ళు నత్రజని ఉన్న యూరియా రెండు పలుకులు వేస్తే ఏమవుతుందో చూద్దామనిపిస్తుంది. ఏమవుతుందంటే, మొక్క నెలలోనే నిగనిగలాడుతూ పొంగుతుంది. మాస్టారు టేపు పెట్టి కొలిచి, ఇంటిల్లిపాదినీ పైకి పిలుస్తారు. ఆ కండంతా నీరు. చర్మం పగులుతుంది, కొత్త ముళ్ళు పొట్టిగా వస్తాయి, మొదటి ముసురుకే పగుళ్ళలోంచి బూజు దిగి మొదలు మెత్తబడుతుంది. పిండినల్లికి కూడా అలాంటి లేత కండే ఇష్టం. అసలు విషాదం ఏమిటంటే గులాబీకి చేసిన అపచారం కత్తెరతో పోతుంది, స్తంభానికి చేసింది పోదు. జెముడు కొసనే ఎదుగుతుంది కాబట్టి ప్రతి ఏటి లావూ సన్నమూ ఆ ఏటి దగ్గరే నిలిచిపోతాయి. ఎవరైనా కుతూహలంతో వెళితే మాస్టారే వేలు పెట్టి చూపిస్తారు: "ఇదిగో ఈ ఉబ్బు యూరియా. ఈ సన్నపు నడుము మేము డాలస్‌లో అమ్మాయి దగ్గరున్న ఆర్నెల్లు. పక్కింటివాళ్ళు పాపం ఎండ తగలకూడదని హాల్లో పెట్టారండీ." వెలుతురు చాలక పాలిపోయి, సన్నగా సాగిన ఆ ఆర్నెల్లు ఇక జన్మలో లావెక్కవు. తన తప్పులను ఇంత పొడుగున నిలబెట్టి వచ్చినవాళ్ళకు చూపించే మనిషిని బద్ధకస్తుడని ఎలా అంటాం?

నీళ్ళ సంగతికొస్తే ఎరువు కంటే పెద్ద పరీక్ష అది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, సగువారోల ఊరు టూసాన్‌లో 300. అక్కడా వానాకాలం ఉంది. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా దాన్ని మాన్‌సూన్ అనే పిలుస్తారు. కానీ అక్కడి గులకనేల నీటిని నిలవనివ్వదు, ఆరబెట్టడానికి పొడిగాలి ఉంది. మనకు ఆషాఢంలో పట్టిన ముసురు శ్రావణానికి గాని వదలదు. అందుకే మాస్టారు ముతక ఇసుక, ఇటుక ముక్కలు, ఇళ్ళు కట్టేచోట అడిగి తెచ్చిన బేబీ చిప్స్ సగానికి పైగా కలిపి కుండీ నింపుతారు. మట్టిలోకి అగరుబత్తి పుల్ల గుచ్చి, తీసి, పొడిగా వచ్చిందో లేదో కళ్ళజోడు సర్దుకుని చూస్తారు. మబ్బు పట్టగానే డాబాల మీదికి అందరూ వడియాలు తీసుకోవడానికి పరుగెత్తితే ఈయన పాలిథీన్ షీటు పట్టుకుని పరుగెత్తుతారు. విశాఖలో ఉండే మాస్టార్లకు తుఫాను హెచ్చరిక వస్తే ముందు స్తంభాలకు తాళ్ళు కట్టాకే ఇంటి కిటికీలు గుర్తొస్తాయి. ఇవన్నీ భరించగలరు. భరించలేనిది చలికాలం. మొక్క మందగించి, నీరూ ఎరువూ తీసుకోకుండా, చేసే పనేమీ లేకుండా నిలబడి ఉండే ఆ మూడు నెలలూ ఆయన రోజుకు నాలుగుసార్లు పైకెళ్ళి ఉత్త చేతులతో దిగి వస్తుంటారు. ఇంట్లో ఆయన మీద జాలి కలిగేది ఆ రోజుల్లోనే.

వాస్తు తెలిసిన చుట్టం ఒకరు ఎప్పుడూ ఉంటారు. ముళ్ళ మొక్క ఇంటికి అరిష్టమని వారి అభ్యంతరం. గుమ్మం పక్కన గులాబీ, పెరట్లో నిమ్మ, గుడి ఆవరణలో మారేడు, అన్నీ ముళ్ళవే గాని వాటి ఊసు రాదు. ఇంతకంటే తమాషా మరొకటి ఉంది. ఇదే చుట్టం ఇంట్లో ఏడాదికోసారి రాత్రిపూట బ్రహ్మకమలం పూస్తే వీధివీధంతా పిలిచి, పసుపు కుంకుమలు పెట్టి, హారతిచ్చి, ఫొటోలు పంపుతారు. కుండీల్లో పెరిగే ఆ మొక్క మెక్సికో, మధ్య అమెరికా అడవుల ఎపిఫిల్లమ్, నికార్సైన జెముడు జాతి. హిమాలయాల్లో పూసే అసలు బ్రహ్మకమలం పూర్తిగా వేరే మొక్క. అంటే ముళ్ళు రాల్చుకుని వస్తే జెముడుకు నైవేద్యం, ముళ్ళతో వస్తే బహిష్కారం. కంప్యూటర్ పక్కన పెడితే రేడియేషన్ పీల్చుకుంటుందని బుల్లి జెముళ్ళు అమ్మే కొట్లు చేసే ప్రచారమూ ఈ కోవలోదే. తన మీద పడ్డదాన్ని అడ్డుకోవడం తప్ప పక్కనుంచి పోయేదాన్ని లాక్కునే విద్య ఏ మొక్కకూ లేదు. మాస్టారు ఈ రెండు మూఢనమ్మకాలనూ చీల్చి చెండాడుతారు గాని, జెముడు రాత్రిళ్ళు ఆకురంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు పీల్చుతుందన్న నిజం దొరికాక ఒక కుండీని పడకగదిలోకి మార్చి, మళ్ళీ పైకి పంపించేదాకా ఇల్లాలితో మాటపట్టింపు తెచ్చుకున్న మాటా నిజమే.

ఊరి బయట కంచెల మీద ఉచితంగా మొలిచేదానికి ఇంత సేవా అనేవాళ్ళున్నారు. గిల్లితే పాలు కారే బొమ్మజెముడు అసలు ఈ కుటుంబానిదే కాదు. నాగజెముడు ఈ కుటుంబానిదే, కానీ అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీవారు ఎర్రరంగునిచ్చే కొచినీల్ పురుగుల్ని మేపడానికి మద్రాసులో జెముడు తోట వేశారు. 1795లో తీరా వచ్చిన పురుగు వేరే జాతిది. రంగు వ్యాపారం తేలిపోయింది. తరువాత దక్షిణాదిన నాగజెముడు పొలాలమీద పడి అల్లుకుపోతే, దాన్ని తినిపించడానికి 1920ల్లో మళ్ళీ అదే కుటుంబపు పురుగును తెచ్చి వదిలారు. జెముడుకు అతిగా ఉపచారం చెయ్యడంలో మాస్టారికి సర్కారువారి పూర్వాచారం ఉందన్నమాట.

ఇక మిగిలిన అభ్యంతరం లాభం. కరివేపాకు పెంచితే కూరలో పడుతుంది, ఇది దేనికి? ఈ ప్రశ్నకు మాస్టారు తల వంచరు. సెరియస్‌కు ముళ్ళు లేని ఎర్రటి కాయ కాస్తుందని, లోపల తెల్లటి తియ్యటి గుజ్జుంటుందని, సంగారెడ్డి వైపు తోటల్లో కాసే డ్రాగన్ ఫ్రూట్ కూడా దీనికి బంధువేనని చెబుతారు. మరి కాసిందా అంటే మాత్రం కథ కాస్త పొడుగు. స్తంభం మనిషికి అందనంత ఎత్తైపోయే రోజు వస్తుంది. గుండె రాయి చేసుకుని పైభాగం కోసి, కోసిన చోట రెండు వారాలు నీడలో ఆరబెట్టి నాటితే అది వేళ్ళూనుతుంది. కింది మోడు నాలుగు చేతులు వేస్తుంది. ఆ చేతులనూ కోసి మాస్టారు కాలనీ అంతటా పంచుతారు, వెంట ఒక ఎరువు పొట్లం, రాసిన కాగితం. తీసుకున్నవాళ్ళు ఆ కాగితం చదవకుండా బియ్యం కడిగిన నీళ్ళు పోస్తారు. అయినా కొన్ని బతికి, ఎదిగి, ఒకనాటి రాత్రి పదింటికి అరచేయంత తెల్లటి పువ్వులు విచ్చుతాయి. మర్నాడు పొద్దెక్కేసరికి ముడుచుకుంటాయి. మాస్టారు టార్చిలైటు, రంగుల బ్రష్షు పట్టుకుని ఆ పుప్పొడి ఈ పువ్వుకు, ఈ పుప్పొడి ఆ పువ్వుకు అంటిస్తూ డాబాలన్నీ తిరుగుతారు. కాయ కట్టదు. సెరియస్ పువ్వు తన సొంత పుప్పొడిని ఒప్పుకోదు. కాలనీలో ఉన్నవన్నీ ఒకే మొక్క ముక్కలు, పచ్చి సగోత్రీకులు. దాంతో సంబంధాలు వెతకడం మొదలవుతుంది. నర్సరీ మేళాలో విచారిస్తారు, కడియం నుంచి తెప్పిస్తామన్నవాళ్ళ వెంటపడతారు. ఎట్టకేలకు కూకట్‌పల్లిలో ఎవరి డాబా మీదో పన్నెండడుగుల సెరియస్ మొగ్గ తొడిగిందని తెలిసి, ఆటో కట్టించుకుని బ్రష్షుతో సహా వెళ్ళి, కాఫీ తాగి, మర్యాదలయ్యాక మూలపురుషుణ్ణి ఆరా తీస్తారు. అది తన తోడల్లుడు వాళ్ళకిచ్చిన ముక్క. తోడల్లుడికి ఇచ్చింది తనే.