పింఛనుదారుల గ్రామనిర్ణయచంద్రిక

ఉద్యోగ విరమణానంతరము శేషజీవితము గడపుటకు ఊరు వెదకువారు మొట్టమొదట చేయవలసిన పని, ఆ ఊరిని మాఘమాసములో, అందును పెండ్లికి వెళ్ళినప్పుడు, విడిదియింటి అరుగు మీద కూర్చుండి చూచుట. ఎండ యింకను ముదరని, కుళాయి నీరు ఎప్పుడు వచ్చునో విచారింపనక్కరలేని, కాఫీ యెవరో తెచ్చి చేతికిచ్చుచున్న ఆ రెండు దినములలో ఏ ఊరైనను స్వర్గతుల్యముగనే తోచును గనుక, అప్పుడే స్థలమునకు బయానా యిచ్చి రావలెను. వైశాఖములో మరల చూతమన్నవారు ఎక్కడనైనను ఇల్లు కట్టినట్లు నేను వినలేదు.

మోకాళ్ళ ప్రస్తావన మాత్రము తేరాదు. ఆంధ్రదేశమున 1983లో 55 ఏండ్లకు దింపబడిన విరమణవయస్సు 2022 నాటికి 62కు ఎగబ్రాకినది గాని, మోకాళ్ళకు అట్టి ఉత్తరు వేదియు ఇంతవరకు వెలువడలేదు. అయినను విశాఖపట్టణమున, సముద్రము కనబడి తీరవలెనను పట్టుదలతో, మెరకమీదనే ఇల్లు కొనుడు. కూరలు దిగువను, మీరు ఎగువను ఉందురు. ఉప్పుగాలి గేటును తినుచుండగా చూచుట యొక వ్యాపకమగును. మదనపల్లె రెండువేల అడుగుల పైచిలుకు ఎత్తున నున్న చల్లని ఊరు. రవీంద్రుడు 1919లో జనగణమనను ఆంగ్లీకరించినది అక్కడనే. ఆయన కొలది దినములే యుండి వెడలిపోయెనను సంగతి స్థలము అమ్మువారు చెప్పరు.

రాజమహేంద్రవరమున నిత్య గోదావరీస్నానము లభించును. రేవుమెట్లు దిగునప్పుడు పుణ్యము, ఎక్కునప్పుడు ప్రాయశ్చిత్తము. కాని ఆ ఊరి అసలు మహిమ పుష్కరములలో గాని తెలియదు. పన్నెండేండ్ల కొకసారి బృహస్పతి సింహరాశిని ప్రవేశించుటయే తడవుగా, మీ మేనత్తగారి తోడికోడలి వియ్యాలవారికి మీ చిరునామా జ్ఞప్తికి వచ్చును; "మీ ఊరు వచ్చి మీ గడప తొక్కకపోతే ఏం బాగుంటుంది, బాబాయిగారూ!" అనుచు పిల్లాపాపలతో దిగుదురు. 2015లో మా మిత్రు డొకడు పండ్రెండు రాత్రులును తన యింటి పెరటి వసారాలోనే పండుకొనెను. నదికి పోవుటకు మాత్రము ఆయనకు తీరిక చిక్కలేదు. మరల 2027లో పుష్కరములు గనుక, కొనదలచినవారు త్వరపడవలెను.

ఇక కాకినాడ. తిన్నని వీథులు, ఎక్కుటకు దిగుటకు ఏమియు లేని సమతలము. పింఛనుదారుల స్వర్గమని దానికి పేరు వచ్చుటకు కారణము సముద్రమును కాదు, కాజాయును కాదు, ఈ సమతలమే యని నా నమ్మకము. చిక్కొక్కటే: కేంద్రప్రభుత్వపు పింఛనుదారుడు తాను బ్రతికియున్నట్లు ఏటేట ఋజువు చూపవలసిన నవంబరు మాసమే ఆ తీరమునకు తుపానుల మాసము. 1996 నవంబరు 6 నాటి రాత్రిని ఎరిగినవారు ఈ మాటకు నవ్వరు.

ఇంత చదివియు మీరు మీ అబ్బాయి ఉన్న ఊరికే పోవుదురని నే నెరుగుదును. పోవుటకు ముందు, పింఛను ఇచ్చు బ్యాంకు మేడమీద ఉన్నదో, క్రింద ఉన్నదో, ఒక కార్డుముక్క వ్రాసి కనుగొనుడు.