ఖాళీ కుర్చీకి అద్దె

తెనాలి మార్కెట్లో నాతో బేరానికి దిగినవాడు బాగుపడ్డ దాఖలా లేదని మా అమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. తోటకూర కట్ట మీద రూపాయి తగ్గించుకుని, ఆపైన కొసరుగా గుప్పెడు పచ్చిమిరపకాయలు వేయించుకుంటే గానీ అక్కణ్ణుంచి కదలని మనిషిని. ఆ ప్రతాపమంతా కొనేటప్పుడే. అమ్మాల్సి వస్తే నోరు పెగలదు. "ఎంతండీ?" అని ఎవరన్నా అడిగితే నాకు తెలిసిన ధర ఒక్కటే: "మీ ఇష్టమండీ."

అలాంటి నేను ఇంగ్లండులో, రెడింగ్ ఊళ్ళో, చైల్డ్‌మైండర్‌నయ్యాను. అంటే ఊళ్ళోవాళ్ళ పసిపిల్లల్ని మనింట్లోనే పెట్టుకుని చూసుకోవడం. మన వైపయితే పక్కింటి పిన్నిగారు కాఫీ కలుపుతూ చేసేసే పని. ఇక్కడ దానికి ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ తనిఖీ సంస్థ దగ్గర రిజిస్టరవ్వాలి, ఫస్ట్ ఎయిడ్ కోర్సు చెయ్యాలి, ఇంట్లో ఉండే 16 ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళ పోలీసు రికార్డూ తీయించాలి. మా ఆయన మీద ఎక్కడా ఏ కేసూ లేదని కాగితం వచ్చిన రోజు ఆయన దాన్ని ఫ్రేము కట్టిస్తానన్నారు. ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చిన మా అత్తగారు మాత్రం, "నలుగుర్ని కని పెంచిన నేను పిల్లల దగ్గర ఉండొచ్చో లేదో పోలీసులు చెప్పాలా?" అని రెండు పూటలు నాతో మాట్లాడలేదు.

ఇక్కడ రూలేమిటంటే, ఒక చైల్డ్‌మైండర్ దగ్గర ఒకేసారి ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు. అందులోనూ ఐదేళ్ళలోపు వాళ్ళు మామూలుగా ముగ్గురే. అందుకని మా వంటింట్లో మూడు ఎత్తు కుర్చీలున్నాయి. బెల్టు సందుల్లో ముద్దపప్పు ఎండి సిమెంటయిపోయి, చెంచా వెనక భాగంతో గీకితే తప్ప రాదు. ఆ మూడు కుర్చీలే నా దుకాణం. నాలుగోది వేద్దామన్నా వీల్లేదు.

అందులో ఒక కుర్చీ కోసం నెల్లూరమ్మాయి వచ్చింది. ఇక్కడ సెకండరీ స్కూల్లో లెక్కల టీచరు. రెండేళ్ళు నిండిన బాబు. వారానికి మూడు రోజులు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా. అంతా బావుంది. వెళ్ళబోతూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంది: "అక్కా, మాకు టర్మ్‌టైమ్ ఓన్లీ చాలు. స్కూలు సెలవుల్లో నేను ఇంట్లోనే ఉంటా కదా, మీకెందుకు శ్రమ?"

నా మీద ఎంత దయో!

ఇక్కడి స్కూళ్ళలో పిల్లలకి ఏడాదికి 190 రోజులు పాఠాలు, టీచర్లకి మరో 5 రోజులు కలిపి 195. అంటే 39 వారాలు. మిగతా 13 వారాలు సెలవులే: అక్టోబరులో వారం, క్రిస్మస్‌కి రెండు, ఫిబ్రవరిలో వారం, ఈస్టర్‌కి రెండు, మే చివర వారం, ఎండాకాలం ఆరు. ఆ 13 వారాలూ నా మూడు కుర్చీల్లో ఒకటి గాలికి కూర్చుంటుంది. ఆ కాసిని రోజులకీ ఇంకో పసివాణ్ణి తెచ్చుకోవచ్చు కదా అంటారు. ఎవరు తెస్తారు? కొత్త పిల్లాడికి అమ్మ వెళ్ళగానే ఏడవకుండా ఉండటం అలవాటయ్యేసరికే సెలవులు అయిపోతాయి. సెలవుల్లో బడిపిల్లలు వస్తారు నిజమే, కానీ వాళ్ళది వేరే లెక్క. వాళ్ళు ఎత్తు కుర్చీలో కూర్చోరు, ఫ్రిజ్ మీద కూర్చుంటారు.

సర్కారు ఇచ్చే ఉచిత గంటలు లేవా అని అడుగుతారేమో. ఉన్నాయి. ఇంగ్లండులో 2025 సెప్టెంబరు నుంచి, తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే, పిల్లకి 9 నెలలు దాటిన తర్వాతి టర్మ్ నుంచి వారానికి 30 గంటలు, ఏడాదికి 38 వారాలు కౌన్సిలే డబ్బు కడుతుంది. ఆ గంటల మీద పైరేటు వేసి తల్లిదండ్రుల్ని పైసా అడక్కూడదు. కావాలంటే ఆ 1140 గంటల్ని సాగదీసి ఏడాదంతా వారానికి 22 లోపు గంటలుగా వాడుకోవచ్చు. సొంత మేనల్లుణ్ణి చూసుకుంటే మాత్రం చైల్డ్‌మైండర్‌కి ఆ డబ్బు రాదు. ఇంకా నయం, పిలుపుని బట్టి చుట్టరికం కట్టలేదు వాళ్ళు. మనవాళ్ళు నన్ను పిలిచే అక్కలూ ఆంటీలూ లెక్కలోకి తీసుకుంటే నాకు పెన్నీ కూడా రాకపోను.

నెల్లూరమ్మాయి ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరివీ ప్రభుత్వ సొమ్ము ముట్టుకోకూడదని రాసున్న వీసాలు. అలాంటివాళ్ళకి ఆ 30 గంటలు లేవు. ఫీజంతా చేతి నుంచే. ఈ సంగతి తెలిసిన మరుక్షణమే నా మొహమాటం రెట్టింపయింది.

మా ఆయన బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తారు. ఇంట్లో పోపుల పెట్టె సర్దాలన్నా ఎక్సెల్ తెరుస్తారు. "గంటకి 6 పౌండ్లు, వారానికి 30 గంటలు, 180. 52 వారాలకి 9360. అదే 39 వారాలకి 7020. అంటే నువ్వు ఆ బాబు కోసం ఏడాదికి 2340 పౌండ్లు వదులుకుంటున్నావు" అన్నారు.

"నేను వదులుకోవడమేంటి, వాడు రాడుగా!"

"మనం ఊరెళ్తే ఇంటాయన అద్దె మానేస్తాడా? కుర్చీ ఆపిపెట్టినందుకు సెలవుల్లో సగం ఫీజు తీసుకోవాలి. దాన్ని ఇక్కడ రిటైనర్ అంటారు."

అంటారని నాకూ తెలుసు. అంతకుముందు ఒక ఇంగ్లీషు టీచరమ్మ వచ్చి, కూర్చోకుండానే "మీ రిటైనర్ ఎంత?" అని తనే అడిగింది. అయ్యో అలాంటివేమీ లేవండీ అని పెళ్ళివారికి కట్నం వద్దన్నంత దర్జాగా చెప్పాను. ఆవిడ మొహం చిట్లించింది. సెలవుల్లో డబ్బు తీసుకోని మనిషి సెప్టెంబరుకి కుర్చీ ఉంచుతుందని నమ్మకమేమిటని ఆలోచించి ఉంటుంది. ఇంకో చోట చేర్చింది. ఉదారంగా ఉండటానికి కూడా చేతనవ్వాలి.

సరే, నెల్లూరమ్మాయి దగ్గరైనా గట్టిగా ఉండాలని పాత్రలు తోముతూ సాధన చేశాను. "చూడమ్మా, సెలవు వారాలకి సగం ఫీజు." ఖంగుమని వచ్చింది. కుక్కరు బెదిరిపోయింది. తీరా ఆ అమ్మాయి వచ్చేసరికి చేతిలో స్టీలు గిన్నె. నెల్లూరు చేపల పులుసు, మామిడికాయ వేసింది. మూత తీస్తే పైన తేలిన నూనె, దాని కింద నా ధైర్యం మునిగిపోవడం స్పష్టంగా కనిపించాయి. అయినా చెప్పాను. చెప్పానంటే, కిటికీ వైపు చూస్తూ, వాన పడేట్టుందన్నట్టుగా చెప్పాను.

"మావాడు రాని రోజులకి కూడా డబ్బులా అక్కా?"

"అబ్బే, ఊరికే అన్నా! మీ ఇష్టం."

తలుపు వెనక మా ఆయన నిట్టూర్పు వినిపించింది. ఉడికే కుండలా ఆయన మనసు లోపల్లోపల కుతకుతలాడుతోందని తెలుస్తూనే ఉంది. ఆ రాత్రి పులుసు రెండుసార్లు వేసుకుని తిన్నారనుకోండి, అది వేరే విషయం.

తర్వాత ఆయన లాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు, నెయ్యి ఒలికినట్టు కంగారుగా. "ఎక్సెల్ పాడయింది. సగం ఫీజు చొప్పున 13 వారాలకి 90 వేస్తే 1170. అది వదిలేసి, టర్మ్ రోజుల్లోనే గంటకి 6 బదులు 7 వేస్తే ఎంత వస్తుందో చూద్దామని కొట్టా. అదీ 1170 ఎక్కువే వస్తోంది!"

ఎక్సెల్ ఏం పాడవలేదు. 39 వారాలకి 30 గంటల చొప్పున 1170 గంటలు, గంటకో పౌండు. సగం ఫీజన్నా అంతే, ఏడు పౌండ్లన్నా అంతే. ఏడాదికి 8190. పన్నెండు సమాన వాయిదాలు చేస్తే నెలకి 682 పౌండ్ల 50 పెన్నీలు. కాగితం మీద పెద్దక్షరాలతో "టర్మ్‌టైమ్ రేటు: గంటకు 7" అని రాసి, ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించాను. నేను మాట్లాడక్కర్లేదు, ఫ్రిజ్ మాట్లాడుతుంది.

అమ్మాయి చదివింది. "టర్మ్‌టైమ్ రేటు ఏడా? సరే అక్కా." అంతే! వాయిదాల్లో కడుతోంది కాబట్టి బాబు గడప తొక్కని ఆగస్టులోనూ పూర్తి 682.50 కడుతుంది. దానికి గొడవ లేదు.

ఈ రహస్యం కడుపులో దాచుకోలేక ఓ రోజు నేనే బయట పెట్టేశాను. ఆ అమ్మాయి నవ్వింది. "లెక్కల టీచర్ని అక్కా! 39లో 13 మూడో వంతు, సగం ఫీజు మూడు, మూడులో మూడో వంతు ఒకటి. మీరు ఆ రోజే అనుంటే బావుండేది. ఏడు ఇవ్వడానికి నాకేం? పిల్లాడు ఇంట్లో ఉన్న రోజుకి కూడా డబ్బు కట్టానంటే ఊళ్ళో మా అత్తగారు ఊరుకోరు. ఏడు పౌండ్లంటే, పాపం ఆ దేశంలో అన్నీ ప్రియమే అంటారు." నేనిక్కడ ఒక్కత్తినే మొహమాటంతో చస్తున్నానని అనుకున్నాను. ఆవిడకీ ఒక అత్తగారున్నారు.

ఒక్క చోట మాత్రం తేడా ఉంది. రిటైనర్ తీసుకుంటే సెలవుల్లో నేను ఇంట్లో ఉండి, కుర్చీ సిద్ధంగా ఉంచాలి. ఏడు పౌండ్ల పద్ధతిలో ఆగస్టు ఊసే లేదు. నేను ఎక్కడికైనా పోవచ్చు. శ్రావణమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళి, ఇంకేం కావాలి! మా పిల్లలకీ బడే కాబట్టి ఆగస్టులోనే వెళ్ళాలి. టర్మ్ మధ్యలో బడి మాన్పించి తీసుకెళ్తే కౌన్సిల్ జుల్మానా వేస్తుంది, ఒక్కో పిల్లకి తల్లికి 80, తండ్రికి 80 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే 160. ఆగస్టు టికెట్లు చూశాం. ఆ 1170 పౌండ్లు మా నలుగుర్నీ దుబాయ్ దాకా అయినా చేర్చేట్టు లేవు.

ఇంతలో మూడో కుర్చీ వాళ్ళు వచ్చారు. ఏడాదంతా పంపే సాఫ్ట్‌వేర్ దంపతులు, గంటకి 6. ఫ్రిజ్ మీద కాగితం చూశారో, ఎవరైనా చెప్పారో. "ఆంటీ, మేమూ సంక్రాంతికి నాలుగు వారాలు ఇండియా వెళ్తున్నాం. మాక్కూడా ఆ టర్మ్‌టైమ్ రేటు వెయ్యండి" అన్నారు, ఇన్నాళ్ళూ తమకి చెప్పకుండా దాచానన్న చిన్న నిష్ఠూరంతో.

మా ఆయన కళ్ళు మెరిశాయి. 48 వారాలకి ఏడు చొప్పున 10,080. ఇప్పుడు వాళ్ళు కడుతున్నది 9360. నడుచుకుంటూ వచ్చిన 720 పౌండ్లు! సోఫా వెనక నుంచి నా జడ లాగారు, ఒప్పుకోమని. నేను నోరు తెరిచి, "వద్దండీ, మీకే నష్టం" అన్నాను.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అదేంటాంటీ, టీచర్‌గారికైతే ఇచ్చారు కదా?" కాగితం తెచ్చి, పెన్ను తెచ్చి, గుణించి చూపించాను. వద్దనడానికి ఇంత కష్టపడుతున్నానంటే లోపల ఏదో ఉందని వాళ్ళకి ఖాయమైపోయింది. ఇప్పుడు ఏడు పౌండ్లకి తగ్గితే ఒప్పుకోమంటున్నారు.