ప్రాసెసర్‌కు జ్వరం

మే నెలలో చెన్నైలో ఇద్దరు ఎదురుపడితే "బాగున్నారా" అనుకోరు, "ఇవాళ ఎంతట?" అనుకుంటారు. జవాబు కూడా ఒకటి కాదు. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం లెక్క ఒకటి, మీనంబాక్కం కేంద్రం లెక్క ఇంకొకటి. రెండిటిలో ఎక్కువున్నదాన్ని నమ్మడం మా ఊరి ఆచారం. తక్కువ ఎండకే ఇంత చెమట పట్టిందంటే పరువు తక్కువ కదా! ఈస్టిండియా కంపెనీవారు 1792లోనే ఇక్కడ అబ్జర్వేటరీ కట్టారు. అంటే కొలవడంలో మాకు రెండు శతాబ్దాలు దాటిన అనుభవం ఉంది. చల్లదనానికి మాత్రం డిసెంబరే దిక్కు.

ఈ కొలతల పిచ్చి వెస్ట్ మాంబళంలోని మా ఇంటి కంప్యూటర్‌కూ అంటింది. ఫ్యాను గోల పెడుతోందని, లోపలి వేడి చూపించే హెచ్‌డబ్ల్యూమానిటర్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను. ప్రతి కోర్‌కూ ఒక అంకె, మదర్‌బోర్డుకు ఒకటి, ఎస్‌ఎస్‌డీకి ఒకటి, పక్కనే కనిష్ఠం, గరిష్ఠం. అచ్చం వాతావరణ శాఖ బులెటినే. మధ్యలో ఒక గడిలో 127 డిగ్రీలు!

మా ఆవిడను కేకేశాను. వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టింది.

"127 అయితే ఈపాటికి దీనిమీద అన్నం ఉడకాలి కదండీ?"

ఈ శాస్త్రీయ దృక్పథం నాకు రుచించలేదు. కంప్యూటర్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లాను. కొట్లో కుర్రాడు నవ్వాడు. "అక్కడ సెన్సరే లేదు సార్. ఊరికే నంబర్ వస్తుంది."

నిజమే. సెన్సర్ తగిలించని చోట చదివితే, గుర్తుతో సహా ఎనిమిది బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 127 వచ్చి కూర్చోవచ్చు.

సెన్సర్ ఉన్నచోటా కథలున్నాయి. ఇంటెల్ చిప్పులోని సెన్సర్ వేడి ఎంతో నేరుగా చెప్పదు, హద్దుకు ఇంకా ఎంత దూరముందో చెబుతుంది. చాలా చిప్పులకు ఆ హద్దు 100 డిగ్రీలు. అందులోంచి ఆ దూరాన్ని తీసేసి సాఫ్ట్‌వేర్ మనకు అంకె చూపిస్తుంది. 2017లో వచ్చిన ఏఎమ్‌డీ రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ చిప్పులైతే ఉన్న వేడికి మరో 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. ఫ్యాన్లు అన్ని చిప్పులకూ ఒకే పద్ధతిలో తిరగాలని కంపెనీవారే పెట్టిన లెక్క అది. ఎక్కువున్నదాన్నే నమ్మే మా ఊరికి తగిన సరుకు.

బెంగళూరు బావమరిది ఫోన్‌లో ఊరిస్తుంటాడు. "మాది 45 దాటదు బావా!" అది వాడి కంప్యూటర్ గొప్పా, ఊరి గొప్పా? ఫ్యాను గాలిని తోలుతుందేగాని చల్లదనాన్ని పుట్టించదు. గది 36 ఉంటే చిప్పు ఎంత తపస్సు చేసినా 36 కిందికి దిగదు. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు ఏసీ లేని గదిలో ఏ ఫ్యాను మాత్రం ఏం చేస్తుంది? అయినా కంప్యూటర్ మనకన్నా అదృష్టవంతురాలే. దానికి చెమట పట్టదు గనక, అది ఆరడం లేదన్న బాధా లేదు.

వీడియో ఎడిట్ చేసి సేవ్ కొడితే అంకె 82, 85, 89 అంటూ ఎక్కుతుంది. దానితోపాటు నేనూ కుర్చీలోంచి లేస్తాను.

"దాని జ్వరం సరే, మీ బీపీ చూపించుకుని ఎన్నాళ్లయింది?" అంటుంది మా ఆవిడ.

ఆ చిప్పుకు నాకన్నా బుద్ధి ఎక్కువ. హద్దు దగ్గరపడితే తనే వేగం తగ్గించుకుంటుంది, మరీ మించితే మొత్తం ఆపేస్తుంది. ఎండలో నెమ్మదిగా నడవాలని దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కనుక సాటి కొలతరాయుళ్లకు నా మనవి. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, పనిలో ఉన్నప్పుడు ఎంత అని ఒకసారి చూసి రాసుకోండి. తరువాత డబ్బాను గోడ నుంచి కాస్త జరపండి, ఆపుచేసి మూత విప్పి దుమ్ము దులపండి, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించండి. అంకెను గుడ్లప్పగించి చూసినందువల్ల ఏ ప్రాసెసరూ చల్లబడదు. దులిపితే చల్లబడుతుంది.