అద్దమెక్కని కారు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

అద్ద మెక్కకున్న నాలించు మోటారు
గుఱ్ఱుమనిన తీఁగె గుల్లయగును
మౌనమైన ఫీజు మరి మీట వెదకుము
మిర్చి యార్డు కారు మెలకువిదియ

అవతారిక

ఎండాకాలం గుంటూరు మిర్చి యార్డు ఎదుట, టిక్కీల (మిర్చి బస్తాల) లారీ వెనక ఒక కారు ఆగింది. డ్రైవరు పక్క అద్దం సగం దిగి నిలిచిపోయింది. లోపలివారంతా ఏకకంఠంగా తుమ్ముతుండగా కవి ఈ పద్యం చెప్పెనని ప్రతీతి. పేరు చెప్పుకోలేదు, బిల్లూ ఇవ్వలేదు గనుక కవి మెకానిక్కే కావచ్చును. పద్యం ఈ సీమకు కొత్త కాదు. పన్నెండు బోయకొట్టాలు గెలిచిన పండరంగని కోసం అద్దంకిలో 9వ శతాబ్దిలోనే తరువోజ చెక్కారు. ఒక్క అద్దాన్ని గెలవడానికి ఆటవెలది చాలు.

ప్రతిపదార్థం

అద్దము + ఎక్కకున్నన్ = అద్దం పైకి రాకపోతే; మోటారు + ఆలించు = మోటారు చప్పుడు చెవిపెట్టి వినుము; గుఱ్ఱుమనినన్ = తిరుగుతున్న చప్పుడు వచ్చినచో; తీఁగె = విండో మిషనులోని కేబులు; గుల్ల + అగును = తెగినదనుట; మౌనమైనన్ = చప్పుడే లేనిచో; ఫీజు = ఫ్యూజు (మెకానిక్కు పుచ్చుకొను రుసుమని చెప్పిన వ్యాఖ్యాతలు కలరు. ఆ అర్థం చివరికి ఎటూ సిద్ధించును); మీట = స్విచ్చి; వెదకుము = పరీక్షింపుము; మెలకువ + ఇదియ = కిటుకు ఇదే.

టీక

పద్యానికి ప్రాణం ‘ఆలించు’ అనే క్రియ. కవి మోటారును వినమన్నాడు గాని మార్చమనలేదు. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మూలంలో లేనిది బిల్లులో రాయనని ప్రతిజ్ఞ చేసిన షెడ్డు దొరికితే వదలకండి.

తలుపు లోపలి మోటారు 12 వోల్టులది. కరెంటు దిశ మారితే తిరిగే దిశ మారుతుంది గనుక దించడానికీ ఎక్కించడానికీ అదొక్కటే. దాని మరచక్రం పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, పళ్ళచక్రం ఎదురు తిరిగి మరచక్రాన్ని తిప్పలేదు. అందుకే దొంగ అద్దాన్ని చేత్తో కిందికి నొక్కినా దిగదు. మోటారు తిరుగుతూ అద్దం కదలలేదంటే నేరం కేబులుదో, దాని ప్లాస్టిక్ కప్పీదో.

మౌనం దగ్గర కవి సంక్షేపించాడు, మనం విస్తరించాలి. ఫ్యూజు బాగుందా? డ్రైవరు దగ్గరి మీటతో ఎక్కని వెనక అద్దం ఆ తలుపు మీటతో ఎక్కిందంటే మోటారు నిర్దోషి. తలుపుకూ బాడీకీ నడుమ రబ్బరు గొట్టంలో వెళ్ళే వైర్లు, తలుపు తీసి వేసిన ప్రతిసారీ వంగి, ఏదో ఒకనాడు లోపలే తెగుతాయి. ఇవన్నీ సరిగా ఉంటే మీట నొక్కి పట్టి తలుపు మీద ఒక్కటి గుద్దండి. కదిలిందా, మోటారులో బొగ్గులు అరిగాయి. అప్పుడు మార్చవలసిందే. ఇంత విచారణ లేకుండా మోటారు కొనడం తాలు మిరపకాయను తేజ రకం ధరకు కొన్నట్టే.

పూర్వపక్షం: పది నిమిషాలు ఆగితే అదే ఎక్కుతోంది కదా, జబ్బెక్కడ?

సమాధానం: వేడెక్కిన మోటారు మాడిపోకుండా లోపలి రక్షణ కరెంటు ఆపుతుంది, చల్లారాక వదులుతుంది. ఇది జబ్బు కాదు, మొర. అద్దం బరువు మునుపటిదే. పెరిగింది రాపిడి.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో ‘మిర్చి యార్డు’కు బదులు ‘పత్తి మిల్లు’ అని ఉంది. యతి చెడుతుంది, అర్థం చెడదు. నిజానికి ఈ పాఠమే అసలు నేరస్థుణ్ణి పట్టిస్తుంది. పర్చూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట దారుల్లో జిన్నింగు మిల్లుల దూది నూగు, నల్లరేగడి దుమ్ము, కల్లాల కారపు పొడి కలిసి అద్దం జారే రబ్బరు గాడిలో పేరుకుంటాయి. దాని మీద వాన పడిందా, గాడిలో గారే. మోటారు రోజూ ఆ గారను దున్నుతూ అద్దాన్ని మోస్తుంది. కాబట్టి గాడి తుడవకుండా కొత్త మోటారు వేస్తే అదీ పాతదాని దారినే పోతుంది. తడిగుడ్డతో గాడి తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాలి. గ్రీజు, ఇంజిను ఆయిలు నిషిద్ధం. నూనెకు రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది.

తాత్పర్యం

మోటారు మార్చక తప్పనివారు ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. మోటారు విప్పే ముందు అద్దాన్ని చట్రానికి టేపు వేసి నిలపాలి. ఇది మరిస్తే అద్దం తలుపు గర్భంలోకి జారుతుంది, వేళ్ళు అక్కడే ఉంటాయి. డోర్ ప్యాడ్ స్క్రూలు తీసి, క్లిప్పులు ఊడదీసి, లోపలి ప్లాస్టిక్ కాగితాన్ని చిరగకుండా ఒలవాలి. బిగించేటప్పుడు దాన్ని మళ్ళీ అతికించడం చాలామందికి బద్ధకం. వానాకాలం రాగానే కాళ్ళ కింద మ్యాటు తడుస్తుంది, కారణం అంతుచిక్కక ఇంకో షెడ్డుకు పోతారు. ఒక్క నొక్కుకే పూర్తిగా ఎక్కే అద్దమైతే, బిగించాక మీటను పైకి లాగి అద్దం మూసుకున్న తరవాత కూడా కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి. లేకపోతే తన ఎత్తెంతో దానికి గుర్తుండదు.

విశేషం

2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక కాజ టోల్‌గేటు దగ్గర అద్దం దించే పని తప్పింది. మోటారుకు ప్రభుత్వం చేసిన మేలు ఇదొక్కటే.

మోటారు కొనేటప్పుడు ఏ పక్క తలుపో చెప్పండి. కుడిది ఎడమకు సాధారణంగా పట్టదు. ఎడమను క్లీనర్ సైడ్ అంటారు. కారుకు క్లీనరు ఎవరని కౌంటరు దగ్గర వాదించకండి.