లప్పం రాయుడు

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక లప్పం రాయుడు ఉంటాడు. ఉద్యోగం బ్యాంకులో కావచ్చు, బడిలో కావచ్చు; కాపురం కూకట్‌పల్లిలో అయినా గాజువాకలో అయినా మనిషి మాత్రం ఒకడే. గోడ మీద చెమ్మ మరక కనిపించగానే ఆయన ఫోనులో పెయింటరు నంబరు వెతుకుతాడు. ప్లంబరు నంబరు ఆయన దగ్గర ఉండదు. నీరు ఎక్కడినుంచి వస్తోందన్నది తర్వాతి సంగతి, ముందు ఆ మరక ఎవరి కంట పడుతుందో అని బెంగ. మరక అరచేతంత ఉన్నప్పుడు దానిమీద క్యాలెండరు వేలాడదీస్తాడు. అది చాలనప్పుడు దేవుడి పటం ఎక్కుతుంది, పటమూ చాలకపోతే బీరువా జరుగుతుంది. రాకపోకలున్న చుట్టాలు ఆ ఇంట్లో బీరువా ఉన్న చోటు చూసి ఈ ఏడు వానలెలా పడ్డాయో చెప్పేయగలరు. ఇక దాచడం కుదరని రోజున, అంటే సంక్రాంతి ముందో, అమ్మాయికి పెళ్లిచూపులు కుదిరినప్పుడో, లప్పం సంచీ దిగుతుంది. ఇరుగుపొరుగు ఆయన్ను పిసినారి అంటారు, బద్ధకస్తుడంటారు. ఈ రెండు ఆరోపణలూ నిలవవు. రాయుడి అసలు జబ్బు మొహమాటం. గోడ కారడానికి కారణం నీరే అయినా, ఏళ్ల తరబడి కారుతూ ఉండటానికి కారణం ఆ మొహమాటమే.

పిసినారి కాడనడానికి ఆయన ఖర్చే సాక్ష్యం. పెయింటరు వచ్చి పాత పెచ్చులు గీకుతాడు, ప్రైమరు కొడతాడు, రెండు చేతులు లప్పం పట్టించి ఎమరీ కాగితంతో రుద్దుతాడు, పైన రెండు కోట్లు ఎమల్షన్ వేస్తాడు. రాయుడు దూరంనుంచి ఒకసారి, దగ్గరనుంచి ఒకసారి చూసుకుని, “ఇప్పుడు రమ్మనండి ఎవరొస్తారో” అంటాడు. వాళ్లు వచ్చి వెళ్లిన కొన్నాళ్లకే సరిగ్గా అదే చోట బొటనవేలంత పొక్కు లేస్తుంది. నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, పగిలితే సోఫా మీద తెల్లటి పొడి రాలుతుంది. పెయింటరు నాసిరకం లప్పం కలిపాడని రాయుడు ఆయన మీద విరుచుకుపడతాడు. పాపం, పెయింటరు తప్పేమీ లేదు. ఆ పొడి చాలావరకు ఉప్పు. ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను నీరు కరిగించుకుని గోడ పైపొరకు తెస్తుంది. నీరు ఆవిరైపోయాక లవణం స్ఫటికాలు కట్టి, పెరుగుతూ, రంగునూ పూతనూ బయటికి నెడుతుంది. నీరు ఆగనంతవరకు ఎంత ఖరీదైన రంగు వేసినా గతి ఇంతే. పైగా గాలి చొరనివ్వని రంగయితే చెమ్మను లోపలే బంధిస్తుంది. జ్వరమొచ్చినవాడి మొహానికి పౌడరు రాసి ఆఫీసుకు పంపడం లాంటి వైద్యం ఇది. ఏటేటా అయిన ఈ వైద్యం బిల్లులు కూడి చూస్తే, నీరు దిగే పై ఫ్లాటు బాత్రూంలో టైల్సు సందులు ఎపాక్సీతో పూడ్పించి, పాడైన ట్రాపు మార్పించే ఖర్చును ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

బద్ధకస్తుడూ కాడు. బీరువాను ఇన్నిసార్లు జరిపినవాణ్ణి బద్ధకస్తుడని ఎలా అంటాం? ఆయన చేయలేని పని ఒక్కటే, పై ఫ్లాటు మెట్లెక్కి అడగడం. ధైర్యం కూడగట్టుకుని ఎప్పుడైనా వెళ్లినా, “మీ బాత్రూంలోంచి మా హాల్లోకి కొంచెం చెమ్మ దిగుతున్నట్టుందండీ” అని నసుగుతాడు. “మాదా? అబ్బే, మాది ఎప్పుడూ పొడిగానే ఉంటుందండీ. అవి వాన నీళ్లయి ఉంటాయి” అంటారు పైవారు. అది ఏప్రిల్ నెల అని ఇద్దరికీ తెలుసు. రాయుడు కాఫీ తాగి, “అంతే అయి ఉంటుంది లెండి” అని దిగొచ్చి పెయింటరుకు ఫోను చేస్తాడు. ఒప్పుకుంటే ఖర్చని పైవారి భయం, గట్టిగా అడిగితే విరోధమని కిందివారి భయం. నిజానికి ఇక్కడ ఎవరూ ఎవరినీ నిందించనక్కర్లేదు. బాత్రూం గుమ్మానికి చిన్న కట్ట కట్టి, ట్రాపు మూసి, రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెడితే నిజం దానంతటదే బయటపడుతుంది. నీటిమట్టం తగ్గి, కింద మరక పెరిగితే లోపం నేలలో ఉన్నట్టే. కుళాయిలన్నీ కట్టేసినా మీటరు తిరుగుతూనే ఉంటే గోడలోని పైపును అనుమానించాలి. వానాకాలంలో మాత్రమే తడిస్తే బయటి గోడ పగుళ్లనూ సజ్జానూ, పై అంతస్తయితే డాబానూ పిట్టగోడనూ చూడాలి. ఇవన్నీ రాయుడు యూట్యూబులో చూసినవే. పరీక్ష పెడితే ఫలితం వస్తుంది, ఫలితం వస్తే మళ్లీ మెట్లెక్కి అడగాలి. అందుకే పరీక్షే పెట్టడు.

తప్పు కట్టినవాడిదైతే రాయుణ్ణి ఆడిపోసుకోవడమెందుకని కొందరు వాదిస్తారు. వాదన సబబే, చట్టమూ ఆ మాటే అంటుంది. 2016 నాటి రెరా చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టుల్లో, ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపమో పనితనంలో లోపమో బయటపడి బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాల్సిన బాధ్యత ఆయనదే. రాయుడు ఆ 5 ఏళ్లూ లప్పం పూస్తూ సాక్ష్యాన్ని స్వహస్తాలతో చెరిపేసి, 6వ ఏట చట్టం చదవడం మొదలుపెడతాడు. వాటర్‌ప్రూఫింగ్ చేస్తామని వచ్చేవాళ్లలోనూ మోసగాళ్లున్నారుగా అంటారు ఇంకొందరు. ఉన్నారు. నీరు పైనుంచి దిగుతుంటే కింద గదిలో రసాయనం పూసి డబ్బు పట్టుకుపోయేవాళ్లు వాళ్లే. అయితే వాళ్లు బతికేది మూలం వెతకని రాయుళ్ల మీదే కదా! అద్దెకుండేవారి సంగతి వేరు. ఫొటో తీసి యజమానికి రాతపూర్వకంగా తెలియజేయడంతో వారి బాధ్యత తీరుతుంది. పూర్వం పెంకుటిళ్లు మాత్రం ఉరవలేదా అన్నది ఆఖరి అస్త్రం. ఉరిసేవి. అందుకే తొలకరికి ముందే మనిషిని ఎక్కించి పెంకు సర్దించేవారు, పండక్కి గోడలకు సున్నం కొట్టించేవారు. డాబాలకు వేసే సున్నంలో బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి దిమ్మిస కొట్టించేవారు. రాయుడు పెద్దలనుంచి పండగ సున్నాన్ని మాత్రం వారసత్వంగా పుచ్చుకుని, పెంకు సర్దడాన్ని అక్కడే వదిలేశాడు.

పైన పటారం లోన లొటారం అని నవ్వి ఊరుకోవచ్చు, వ్యవహారం రంగుతోనే ఆగితే. ఆగదు. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు మొదలవుతుంది. బీరువా వెనక గాలి ఆడని చోట అది నిశ్చింతగా పెరుగుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి సలపనివ్వదు. చెమ్మ శ్లాబులోని ఇనుముదాకా చేరితే తుప్పు పడుతుంది. తుప్పుకు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి కాంక్రీటును చీల్చుకుని బయటపడుతుంది. మంచం మీద పడే శ్లాబు పెచ్చుకు లప్పంతో సమాధానం లేదు. వరద వచ్చినప్పుడు ఈ స్వభావం మరీ ప్రమాదం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా నానిన ఇటుక గోడ పైకి పొడిగా కనిపించినా లోపల ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ముందు బురద కడగాలి, ఉబ్బిన పూత కొట్టేయాలి, తలుపులు తెరిచి గాలాడనివ్వాలి, కరెంటు వైరింగు పరీక్ష చేయించాకే స్విచ్చి వేయాలి. రంగు వంతు అన్నిటికంటే చివర. రాయుడు ఈ వరసను తిరగేసి, దసరాకే గోడలు తళతళలాడాలంటాడు.

కాబట్టి మీ గోడ మీద మరక కనిపిస్తే క్యాలెండరు వెతక్కండి. దాని అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేసి, ఫొటో తీయండి. గీత దాటి మరక పెరుగుతుంటే పైవారిని కిందికి పిలిచి చూపించండి, కాఫీ మీరే ఇవ్వండి, నీళ్ల పరీక్ష ఇద్దరూ కలిసి పెట్టుకోండి. ఇంకో మాట. మీ కింది ఫ్లాటువారు వచ్చి మీ తలుపు తట్టినప్పుడు, ముఖ్యంగా అది ఏప్రిల్ నెల అయితే, వాన నీళ్లని మాత్రం అనకండి.